రేడియేటర్లో పట్టు రంగు

పోయిన నెలలో మా కోడలు తన కారును అనంతపురంలో సర్వీసుకు ఇవ్వడానికి వెళుతూ, ఇంట్లో ఒక్కరే కూర్చుని ఏం చేస్తారత్తయ్యా అని నన్ను కూడా వెంట తీసుకుపోయింది. అక్కడ మమ్మల్ని అద్దాల గదిలో చల్లగాలిలో కూర్చోబెట్టి, కాగితపు గ్లాసుల్లో కాఫీ ఇచ్చి, పని అయ్యేదాకా టీవీ చూస్తూ ఉండమన్నారు. నాకు ఆ టీవీ కంటే అద్దానికి అవతల జరుగుతున్నదే ఆసక్తిగా తోచింది. ఎవరిదో పాత కారుకు బానెట్టు ఎత్తి, నీలం చొక్కాలు వేసుకున్న ఇద్దరు యువకులు ఊదారంగు వెలుతురు పడే టార్చీ ఒకటి ఇంజను సందుల్లోకి పట్టుకుని వంగి వంగి వెతుకుతున్నారు. కోడలు పోయి కనుక్కుని వచ్చింది. ఆ కారు రేడియేటర్లో నీళ్ళు కొద్దికొద్దిగా తగ్గిపోతున్నాయట, ఎక్కడ కారుతున్నదీ కంటికి కనబడటం లేదట, అందుకని ఆ నీళ్ళలో ఒక రంగు కలిపి, ఇంజను వేడెక్కేదాకా బండిని తిప్పి తెచ్చి, ఆ టార్చీ వేస్తే కారినచోటు పచ్చగా మెరుస్తుందట. ఎంత తెలివిగా కనిపెట్టారో చూడండత్తయ్యా అంది. నాకు నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నానో ఆ అమ్మాయికి అర్థం కాలేదు, నేనూ అప్పటికి చెప్పలేదు.

చెప్పాలంటే మా ధర్మవరం గురించి చెప్పాలి, మా నాయన కొన్న పాత బండి గురించి చెప్పాలి, అన్నిటికంటే ముఖ్యంగా మా అమ్మ మొండితనం గురించి చెప్పాలి. అంతసేపు వినే తీరిక ఉద్యోగం చేసే పిల్లకు ఎక్కడిది? నా యీడు వాళ్ళు, రేడియేటరు మూత తీసి చెంబుతో నీళ్ళు పోసిన చేతులు ఉన్నవాళ్ళు, మీరైతే వింటారు.

మాది పట్టుచీరల వ్యాపారం. బజారులో పెద్ద కొట్టు మా పెదనాయనది. మా నాయనకు కొట్లో గద్దె మీద కూర్చోవడం చేతకాదు. పల్లెల్లో మగ్గాలున్న వాళ్ళకు పట్టూ జరీ ఇచ్చి, చీరలు నేయించి, వాటిని కళ్యాణదుర్గం, హిందూపురం వైపు కొట్లకూ, పెళ్ళి పెట్టుకున్న ఇళ్ళకూ తానే తీసుకుపోయి ఇచ్చేవాడు. మొదట్లో అంతా బస్సుల మీదే. డెబ్బైల్లో, నేను హైస్కూలు దాటే రోజుల్లో, అనంతపురంలో పని మానుకున్న ఒక ముసలి డాక్టరుగారి దగ్గర ఆయన వాడి వాడి వదిలేసిన కారును కొన్నాడు. బొద్దుగా, బూడిదరంగులో, ముందు దీపాలు రెండూ కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తున్నట్టు ఉండేది. వెనక సీటు పీకించి చీరల మూటలకు చోటు చేశాడు. మేము దాన్ని కారు అని ఏనాడూ అనలేదు. బండి అనే అనేవాళ్ళం.

మా అక్క పెళ్ళయి పోయింది, ఇంట్లో మగపిల్లలు లేరు. ఊరి బయట రైలుపట్టాల అవతల ఉన్న బీడులో నాయన నాకు బండి తోలడం నేర్పించాడు. ఆడపిల్లకెందుకప్పా ఇదంతా అని అడిగినవాళ్ళకు, నేను అలిసిపోతే యెవరు తోలాల అని ఎదురు అడిగేవాడు. తోలడమే కాదు, బానెట్టు ఎత్తి ఏది ఏమిటో చూపించేవాడు. నూనె చూసే పుల్ల, నీళ్ళు పోసే మూత, ఫ్యాను పట్టా, నీళ్ళను తిప్పే పంపు. వంటింట్లో పోపుల డబ్బా ఎక్కడుందో తెలిసినంత తేలిగ్గా అవన్నీ నాకు తెలిసిపోయాయి. నేను బజారులో బండి తోలుకుంటూ వెళితే టీ అంగడి ముందున్న వాళ్ళు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడి చూసేవాళ్ళు. నేను తల తిప్పేదాన్ని కాదు. చూసి చూసి వాళ్ళకే విసుగు పుట్టాలి గానీ నాకెందుకు సిగ్గు?

ఎనభైలు మొదలైన కొత్తలో ఒక మధ్యాహ్నం, భోజనం చేసి ఆకు వేసుకుని పడుకున్న నాయన మళ్ళీ లేవలేదు.

కర్మకాండలన్నీ ముగిసిన తరవాత పెదనాయన వచ్చి అరుగు మీద కూర్చుని, తమ్ముడి మగ్గాలన్నీ తన కొట్టు కింద కలుపుకుంటాననీ, మాకు తిండికీ బట్టకూ ఏ లోటూ రానివ్వననీ, ఇంక ఊళ్ళు తిరిగే పని లేదనీ చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు. తమ్ముడు పోయినప్పుడు చిన్నపిల్లవాడిలా ఏడ్చిన మనిషి. తన నీడన మేము చల్లగా ఉంటామనే ఆయన నమ్మకం. మా అమ్మకు ఆ నీడ అక్కర్లేదు. పట్టు చేతితో తాకి నాణ్యం చెప్పగలిగిన మనిషి ఆమె. పెళ్ళయిన కొత్తలో నుంచి మా పెరట్లో రంగులద్దే కాగు దగ్గర నిలబడి ఏ పోగుకు ఎంత రంగు పట్టిందో చూసినదీ ఆమే. తలమీద కొంగు సర్దుకుని, గొంతు పెంచకుండా, పాప బండి తోలుతుంది, నేను పక్కన కూర్చుంటాను, మగ్గాల వాళ్ళకు మాట ఇచ్చింది నా మొగుడు, ఆ మాట నేను నిలబెడతాను అంది. అలా మా ప్రయాణాలు మొదలయ్యాయి. సోమందేపల్లె దగ్గర కొన్ని మగ్గాలు, ముదిగుబ్బ పక్కన కొన్ని. ఒక వారం అటు, ఒక వారం ఇటు.

ఆ తరవాత వచ్చిన కరువు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వేరుశనగ విత్తినవాళ్ళు విత్తనాలు కూడా తిరిగి చూడలేదు. బావులు అడుగంటాయి. బోర్లలో వచ్చే కాసిని నీళ్ళు ఉప్పగా, కాగబెడితే గిన్నె అడుగున సున్నంలాగా తెల్లటి పెచ్చు కట్టేవి. సరిగ్గా అప్పుడే మా బండికి నీళ్ళ జబ్బు పట్టుకుంది.

మొదట వారానికొక చెంబు తగ్గేది. తరవాత ప్రతి ప్రయాణానికీ చెంబు. ఆ తరవాత దారిలో కూడా ఆపి పోయవలసి వచ్చేది. తెల్లారి చూస్తే బండి కింద నేల మీద ఒక్క చుక్క తడి ఉండేది కాదు. రేడియేటర్లో నీళ్ళు మాత్రం ఉండేవి కావు. వీధిలో బిందెల కోసం గొడవలు పడుతున్న రోజుల్లో మేము ఇనుముకు నీళ్ళు తాగిస్తున్నామని ఇరుగుపొరుగు వాళ్ళు మాకు వినబడేలాగే అనుకునేవాళ్ళు. అమ్మ తాను స్నానానికి పెట్టుకున్న నీళ్ళలో సగం పక్కన ఉంచి, పొద్దున్నే బండికి పోసేది.

మెకానిక్కు అన్న అని మేము పిలిచే మనిషి ఒకడు స్టేషను రోడ్డులో ఉండేవాడు. నాయన బతికున్ననాటి నుంచీ బండిని ఎరిగినవాడు, మనసు పెట్టి పని చేసేవాడు. రబ్బరు గొట్టాలు మార్చాడు. రేడియేటరు విప్పి టంకం పెట్టించాడు. నీళ్ళ పంపు కొత్తది వేశాడు. అయినా నీళ్ళు తగ్గడం ఆగలేదు. చివరికి ఒకరోజు నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఇంజను లోపల ఎక్కడో పగులు పడి ఉంటుందని, ఇక దీనికి వైద్యం లేదని చెప్పాడు.

"లోపల పగులుండాదని నువ్వు చూసినావా అప్పా?" అని అడిగింది అమ్మ.

"చూడలేదక్కా. బయట యాడా తడి లేదు. ఇంగ లోపలే కదా పోవాల."

"లోపలికి పోతే నూనెలో కలవాల కదన్నా. నూనె చూసినా, మజ్జిగ మాదిరి తెల్లగా కాలేదు. పొగ కూడా తెల్లగా రాలేదు," అన్నాను నేను. నాయన నేర్పిన పాఠం అది. మెకానిక్కు అన్న తల గోక్కున్నాడు. అదీ నిజమే పాపా, కానీ నాకు ఇంకేం తోచడం లేదు అని ఉన్నమాట ఒప్పుకున్నాడు.

ఆ వారంలోనే ముదిగుబ్బ నుంచి వస్తూంటే గుట్టల దగ్గర ఎత్తు ఎక్కుతుండగా వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. బండి ఆపేశాను. మధ్యాహ్నపు ఎండ. రోడ్డు మీద పిట్ట కూడా లేదు. చేతిలో ఉన్న నీళ్ళు అప్పటికే పోసేశాం. తుమ్మచెట్టు నీడలో, నీడ అనడం కూడా ఎక్కువే, ఆ నాలుగు కొమ్మల కింద చీరల మూటలు ఒళ్ళో పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. చాలాసేపటికి ఒక లారీ వచ్చింది. ఆ లారీ డ్రైవరు తన క్యానులో నీళ్ళు పోసి మమ్మల్ని కదిలించాడు గానీ, మేము ఇల్లు చేరకముందే ఆ కబురు పెదనాయన కొట్టుకు చేరింది.

మరునాడు ఆయన వచ్చాడు. ఈసారి అరుగు మీద కూర్చోలేదు. నిలబడే మాట్లాడాడు.

"చూడమ్మా, తమ్ముడు పొయ్యినాడు. బండీ పోతాండాది. ఇంట్లో కూచ్చోమని దేవుడే చెప్తాండాడు."

"దేవుడు చెప్పాలనుకుంటే నాకే చెప్తాడు బావా. మీతో యెందుకు చెప్పి పంపుతాడు?"

పెదనాయన మొహం ఎర్రబడింది. రోడ్డు మీద ఇద్దరు ఆడవాళ్ళు దిక్కులేనట్టు కూర్చుంటే పరువు ఎవరిది పోయిందో ఆలోచించమన్నాడు. అనంతపురం నుంచి పాత ఇనుము కొనే ఆయనను పిలిపిస్తున్నాననీ, ఆదివారం వచ్చి బండిని చూస్తాడనీ, ఆ మగ్గాల సంగతి కూడా ఆ రోజే తేల్చుకుందామనీ చెప్పి వెళ్ళిపోయాడు. బండి పోతే పల్లెలకు పోలేం. పల్లెలకు పోలేకపోతే మగ్గాలు ఆయన కొట్టు కిందికి పోతాయి. ఆపైన మేము ఆయన పెట్టింది తిని, ఆయన చెప్పింది వినే మనుషులం. కళ్యాణదుర్గంలో ఒక షావుకారు ఇంటి పెళ్ళికి ఇవ్వవలసిన చీరలు అప్పటికి ఇంకా మగ్గాల మీదే ఉన్నాయి. ఆ పెళ్ళివాళ్ళు నాయన పోయిన తరవాత మొదటిసారి అమ్మను నమ్మి పని ఇచ్చినవాళ్ళు.

ఆ సాయంత్రం అమ్మ అన్నం తినలేదు. పెరట్లో కాగు దగ్గర పీట వేసుకుని కూర్చుంది. అద్దకం పని చేసే ఆయన పట్టు పోగులు కుంకుమరంగు నీళ్ళలో ముంచి తీసి వెళ్ళిపోయాడు. కాగు చల్లారుతోంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. కాగు అంచు మీద ఆవిరి పట్టిన చోట ఎర్రటి చార ఒకటి ఎండిపోయి ఉంది. అమ్మ దాన్ని వేలితో రుద్దింది. పోలేదు. వేలు చూసుకుంది. మళ్ళీ ఆ చార వంక చూసింది.

"పాపా, నీళ్ళు ఆవిరైపోతే కనపడవు. రంగు ఆవిరి కాదు కదా?" అంది.

ఆమె ఏమంటున్నదో నాకు వెంటనే తట్టింది. నీళ్ళు కారేది ఇంజను కాలిపోతున్నప్పుడే. కారినవి కారినట్టే ఆ వేడికి ఎండిపోతున్నాయి. బండి చల్లారేసరికి తడి జాడే ఉండదు. అదే ఆ నీళ్ళలో రంగు ఉంటే, నీళ్ళు పోయినా రంగు ఆ ఇనుము మీద అంటుకుని ఉండాలి. పట్టుకు పట్టే రంగు ఇనుమును మాత్రం వదులుతుందా?

మర్నాడు పొద్దున్నే అమ్మ పెట్టె తెరిచి నాయన పంచె ఒకటి తీసింది. ఉతికి, మడిచి, దాచుకున్నది. నేను వద్దంటానేమో అని ఒక్కసారి నా మొహం చూసి, పళ్ళతో అంచు కొరికి, సర్రున చింపింది. వేరే గుడ్డ లేక కాదు. అంత తెల్లగా ఉన్న గుడ్డ ఇంట్లో మరొకటి లేదు. ఆ పీలికలన్నీ తీసుకుని మెకానిక్కు అన్న దగ్గరికి పోయాం. సంగతి విని అతను చెయ్యి అడ్డం పెట్టాడు. రేడియేటర్లో రంగు పోస్తారా, సన్నటి గొట్టాలన్నీ పాడైపోతాయి అన్నాడు.

"చచ్చిపోయిందని నువ్వే చెప్తివి కదప్పా. చచ్చిపోయినదానికి రంగు పోస్తే యేమి?" అంది అమ్మ.

అతనికి నవ్వొచ్చింది. నవ్వుతూనే పీలికలు కట్టడానికి తానే సాయం చేశాడు. గొట్టాల అతుకుల కింద, పంపు కింద, రేడియేటరు అడుగున, ఇంజనుకు రెండు పక్కలా, తీగలతో బిగించి కట్టాం. సైలెన్సరుకు పోయే గొట్టం ఎర్రగా కాగుతుంది కాబట్టి గుడ్డ దానికి తగలకుండా దూరంగా, కిందికి కట్టమని జాగ్రత్త చెప్పాడు. అమ్మ రంగును వేడినీళ్ళలో కలిపి గుడ్డతో వడకట్టి, ఒక్క రవ్వ కూడా లేకుండా చూసుకుని, పెళ్ళికి పాయసం పోసినంత శ్రద్ధగా రేడియేటర్లో పోసింది.

ముదిగుబ్బ దారే పట్టాం. ఆ గుట్టల ఎత్తు ఎక్కితేనే బండికి అసలైన వేడి పుడుతుంది. అమ్మ ముందు సీట్లో కూర్చుని ముల్లు మీదనుంచి చూపు తిప్పలేదు. ఎత్తు ఎక్కి ఆవలి వైపు ఒకచోట గొర్రెలు రోడ్డుకు అడ్డం వస్తే ఆగాను. అంచుదాకా నింపినందున పైనుంచి పొంగే నీళ్ళు పోయే సన్న గొట్టంలోంచి ఎర్రటి నీళ్ళు టపటపా రోడ్డు మీద పడ్డాయి. గొర్రెలాయన కర్ర ఆనించి వంగి చూసి, కొంచెం వెనక్కి జరిగాడు.

"ఏమ్మా, మీ బండికి నెత్తురు కారుతాండాదే."

"మంచిదే నాయనా. కారితేనే యాడ గాయమైందో తెలిసేది," అంది అమ్మ. అంతకుముందు ఎన్ని నెలలనుంచో ఆమె ముఖంలో నవ్వు చూడలేదు నేను.

ముదిగుబ్బలో వేపచెట్టు కింద ఆపి, బండి చల్లబడేదాకా ఓపిక పట్టి బానెట్టు ఎత్తాను. ఒక్కొక్క పీలికే విప్పి చూశాం. పైగొట్టం కింద తెలుపు. కిందిగొట్టం కింద దుమ్ముతప్ప ఏమీ లేదు. పంపు కింద తెలుపు. అమ్మ ఒక్కొక్కటీ భుజం మీద వేసుకుంటూ పోయింది. ఇంక ఇంజను అవతలి పక్క, సైలెన్సరు గొట్టం వెనకాల కట్టినది మిగిలింది. చెయ్యి దూర్చి, చర్మం చురుక్కుమంటున్నా లాగాను. అంచు వేడికి కమిలి గోధుమరంగు తిరిగింది. నడిమధ్యలో, పైనుంచి కిందికి, వేలంత వెడల్పున కుంకుమచార.

అమ్మ తన సంచిలోంచి చిన్న అద్దం తీసి ఇచ్చింది. దాన్ని ఆ గొట్టం వెనక్కి పట్టి వంచి చూశాను. ఇంజను పక్కగోడలో గుండ్రటి ఇనుపబిళ్ల ఒకటి, లోపలి నీళ్ళు బయటికి రాకుండా రంధ్రానికి మూతలా బిగించి కొట్టినది, ఉంది. అలాంటివి ఇంజనుకు ఇంకా కొన్ని ఉన్నాయని తెలుసు గానీ ఇది గొట్టం చాటున ఉండటంతో ఎవరి కంటికీ ఎన్నడూ పడలేదు. మా ఊరి ఉప్పునీళ్ళు తాగి తాగి దాని అంచు తుప్పు పట్టి పలచబడింది. చుట్టూ తెల్లటి పెచ్చు. ఆ పెచ్చు మీద సూదితో గీసినట్టు ఎర్రటి గీత. చల్లగా ఉన్నప్పుడు ఆ పెచ్చే దాన్ని మూసి ఉంచేది. ఇంజను కాగి నీళ్ళు లోపల నుంచి తోస్తే సందు చేసుకుని సన్నగా చిమ్మేది. చిమ్మినది చిమ్మినట్టే ఆ కాలే గొట్టం మీద పడి మాయమయ్యేది. ఇంతకాలం మమ్మల్ని ఏడిపించింది అదే.

తిరుగు ప్రయాణానికి నీళ్ళు కావాలి. ఊరి బోరింగు దగ్గర బిందెలు వరసగా పెట్టుకుని ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అమ్మ చెంబు పట్టుకుని వరసలో చివర నిలబడింది. ఎందుకని అడిగితే దాచకుండా బండికి అని చెప్పింది. మనుషులకే లేవు, బండికంట అని ఒకామె మూతి తిప్పింది. తప్పు ఆమెది కాదు. కానీ ముందున్న ఇంకొకామె, ఎవరో ఏమో, తిరిగి చూసి, ఆ యమ్మ కూడా కడుపు కోసమే కదా తిరుగుతాండాది అని తన బిందె పక్కకు జరిపి మా చెంబు పట్టనిచ్చింది. ఆ నీళ్ళు చేతిలో పట్టుకుని వస్తుంటే అమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. నాయన పోయినప్పుడు కూడా నలుగురిలో ఆమె అలా కాలేదు.

ఇల్లు చేరేసరికి పెదనాయన ఆదివారం దాకా ఆగకుండా ఇనుము కొనే ఆయనను అప్పుడే పిలిపించుకుని మా వాకిట్లో కుర్చీలు వేయించుకుని కూర్చున్నాడు. బండి ముందుభాగమంతా ఎర్రటి చుక్కలు, మా చేతులు మోచేతుల దాకా ఎరుపు, అమ్మ భుజం మీద గుడ్డపీలికలు. ఆ కొనే ఆయన కంగారుగా లేచి నిలబడ్డాడు. అమ్మ నేరుగా వెళ్ళి ఆ కుంకుమచార ఉన్న పీలికను పెదనాయన ముందు పరిచింది.

"ఈడ కారుతాండాది బావా. లోపలేం పగల్లేదు. బిళ్ల ఒకటి మారిస్తే సరిపోతాది."

"మారిస్తే బాగైతాదని యేమి నమ్మకం?"

"బాగు కాకపోతే అప్పుడు నేనే అమ్ముకుంటా. బండి నాది."

బండి నాది అన్న ఆ మాట మా ఇంట్లో ఒక ఆడమనిషి నోటినుంచి రావడం అదే మొదటిసారి అనుకుంటాను. పెదనాయన ఆ పీలికను చేతిలోకి తీసుకున్నాడు. దాని అంచు చూసి, ఆ పంచె ఎవరిదో గుర్తుపట్టాడు కాబోలు, మడిచి కింద పెట్టాడు. ఇనుము కొనే ఆయనకు కాఫీ ఇచ్చి పంపించాం.

మెకానిక్కు అన్న సైలెన్సరు గొట్టం విప్పి చూసి, ఉండాదక్కా, ఈడనే ఉండాది అని కింద పడుకునే గట్టిగా కేక వేశాడు. తనకు దొరకలేదన్న చిన్నతనమేమీ అతనికి లేదు. నీళ్ళ దొంగ దొరికినందుకు మాకంటే ఎక్కువ సంబరపడ్డాడు. పాత బిళ్లను పొడిచి తీస్తే అప్పడంలాగా విరిగింది. కొత్తది కొట్టి బిగించాడు. రంగునీళ్ళు తీసేసి, కడిగి కడిగి మంచినీళ్ళు పోశాడు. ఆ తరవాత చాలాకాలం దాకా ఆ రేడియేటరు మూత విప్పినప్పుడల్లా లోపల లేత గులాబీరంగు కనిపించేది.

పెళ్ళిచీరలు మగ్గాల మీదనుంచి దిగాయి. కళ్యాణదుర్గం బయలుదేరే రోజు పొద్దున్నే పెదనాయన తలగుడ్డ చుట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు. నేను కూడా వస్తాను అన్నాడు. ఎందుకొస్తున్నాడో ముగ్గురికీ తెలుసు. బండి దారిలో ఆగిపోతే కళ్ళారా చూడటానికి. లేదా ఆగిపోయిన చోట మేము ఒంటరిగా ఉండకుండా చూడటానికి. రెండూ నిజమేనని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. అమ్మ ఆయనకు ముందు సీటు ఇచ్చి తాను వెనక మూటల మధ్య కూర్చుంది. ఆయన కాళ్ళ మధ్య నీళ్ళ క్యాను పెట్టుకుని దారి పొడుగునా రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు. ఎండిపోయిన వేరుశనగ చేలు, బోసిపోయిన గుట్టలు, బస్సు కోసం చెట్ల కింద కూర్చున్న మనుషులు. ముల్లు మాత్రం ఉండవలసిన చోటనుంచి కదలలేదు.

కళ్యాణదుర్గంలో చీరలు ఇచ్చాం. ఆ షావుకారు భార్య ఒక్కొక్క చీర విప్పి ఒళ్ళో వేసుకుని చూస్తుంటే అమ్మ నిటారుగా కూర్చుంది. బయటికి వచ్చేసరికి పెదనాయన బండి బానెట్టు ఎత్తి, తన కండువా మడతపెట్టి రేడియేటరు మూత మీద వేసి, మెల్లగా తిప్పి తీస్తున్నాడు. వంగి లోపలికి చూశాడు. నీళ్ళు అంచుదాకా ఉన్నాయి. వేలు ముంచి చూసుకున్నాడు. మూత బిగించి, బానెట్టు దించి, కండువా దులిపి భుజం మీద వేసుకున్నాడు.

"పాపా, పోదాం పా, కాఫీ తాగుదాం," అన్నాడు.

మగ్గాల సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఆ తరవాత ఆరోగ్యం సరిగా లేక అనంతపురంలో డాక్టరును చూడవలసి వచ్చినప్పుడల్లా, బాడుగ కారు పిలుస్తామని కొడుకులు అన్నా వినక, మా వాకిట్లోకే వచ్చి కూర్చునేవాడు. దారంతా నేను వేగంగా పోతున్నానని, గేరు సరిగా మార్చలేదని, ఎదురుగా లారీ వస్తోందని వంక పెడుతూనే ఉండేవాడు. అమ్మ వెనకనుంచి ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క జవాబు విసిరేది. ఆ ఇద్దరూ జీవితమంతా అలా పోట్లాడుకున్నారు. బండిని మేము అమ్మింది ఎనభైల చివర్లో, అదీ అమ్మ తనకు కొంచెం పెద్ద వ్యాను కావాలని నిర్ణయించుకున్నప్పుడు.

ఇప్పుడు ఆ రోజులు ఎంత బాగుండేవో అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బాగుండలేదు. నీళ్ళు లేవు, రోడ్లు లేవు, ఒక ఆడమనిషి స్టీరింగు పట్టుకుంటే ఊరంతా నోరెళ్ళబెట్టేది. ఈనాడు నా కోడలు ఎవరినీ అడగకుండా కారు తీసుకుని ఎంత దూరమైనా పోయి వస్తుంది, అలా పోవడానికే మేము ఆనాడు ఆ ఎండల్లో పడి తిరిగింది. ఆ మార్పులో చిన్న ముక్క కూడా వెనక్కి ఇవ్వను నేను.

అయినా ఒక్కటి మాత్రం వెలితిగా ఉంది. మమ్మల్ని వద్దన్నవాళ్ళు ఆనాడు మా వాకిట్లోకి వచ్చి, మా మొహం మీదే వద్దనేవాళ్ళు. మా ఇంటి కాఫీ తాగుతూ వాదించేవాళ్ళు, ఓడిపోతే మా బండిలోనే ఎక్కి కూర్చునేవాళ్ళు. ఈనాడు నచ్చనివాళ్ళు ఫోను ఎత్తరు, అంతే. మొన్న ఈ వయసులో నేను లైసెన్సు మళ్ళీ చేయించుకుంటానని ఇంట్లో అన్నాను. మీ ఇష్టం అన్నారు అందరూ, తల ఎత్తకుండానే. ఎవరైనా ఒక్కరు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, వద్దని గట్టిగా అంటే ఎంత బాగుండునో అనిపించింది.

లైసెన్సు మాత్రం చేయించుకున్నాను.